నిలబెట్టేవాడు

నల్ల కోడె వెనక కుడికాలు ఒక్క అంగుళం ముందుకు రావాలి. అతను కర్ర చివరతో గిట్ట సందులో పొడిచాడు. కోడె కాలెత్తి సరిగ్గా అతనికి కావలసిన చోట దించింది. ఇప్పుడు నాలుగు కాళ్ళూ నాలుగు మూలలా కుదిరాయి. వీపు చదునుగా ఉంది, తల పైకి లేచి ఉంది. కొట్టం బయట ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. అతను లోపల్లోపలే అంకెలు లెక్కపెడుతున్నాడు. నూట నలభై దగ్గర జోరీగ ఒకటి వచ్చి కోడె కంటి మూల వాలింది. చర్మం జలదరించింది గానీ కాలు కదల్లేదు. మూడు వందలు పూర్తయ్యాక అతను కర్ర దించి, దాని మెడ మీద ఒక్క చరుపు చరిచాడు. అతని దగ్గర మెచ్చుకోలు అంతవరకే.

అతని అసలు పేరు ఆసామి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. కర్ర చివర మొండి మేకు దిగ్గొట్టి ఉంటుంది కనక ఎవరో మేకు అన్నారు, అందరూ మేకు అన్నారు. ఇరవయ్యారేళ్ళుగా అదే కొట్టంలో పనిచేస్తూ, దాన్నానుకుని ఉన్న గదిలోనే కాపురం ఉంటున్నాడు కనక ఆ పేరు బాగానే అతికింది. పశువుల ప్రదర్శనలకి ఆసామి కోడెల్ని తయారుచేయడం అతని పని. మేపేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు, నిలబెట్టేవాడు దొరకాలి అని అతని నమ్మకం. ఈ విషయంలో అతనికి గర్వం కాస్త ఎక్కువే. మిగతా ఏ విషయంలోనూ గర్వపడడానికి ఏమీ లేదు కాబట్టి, ఆ ఒక్కటీ మనం క్షమించవచ్చు.

పొట్టి మనిషి. దొడ్డికాళ్ళు. వేలిపట్టీ సన్న తీగతో కుట్టుకున్న తోలుచెప్పులు. ముందు పళ్ళలో ఒకటి ఏదో ఆబోతు తల విసిరినప్పుడు పోయింది. పక్కటెముకలు రెండు విరిగి వంకరగా అతుక్కున్నాయి. మోకాళ్ళ కింద ఎముక మీద వరసగా సొట్టలు ఉంటాయి, అవి మాత్రం పశువులు చేసినవి కావు. అతని తండ్రిదీ ఇదే పని. కొడుక్కి తొమ్మిదేళ్ళప్పుడు ఒక దూడ పక్కన నిలబెట్టి, ఇద్దరి కాళ్ళూ ఒకే కర్రతో సర్దేవాడు. ముందు ఎవరు కదిలితే వాళ్ళ ఎముక మీద పడేది. దూడ తొందరగానే నేర్చుకుంది. వీడికి ఇంకో నెల పట్టింది.

భార్య బకెట్టుతో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. లోపలికి రాలేదు. అతను కోడెకి సబ్బు రుద్ది, కడిగి, గోనెపట్టాతో తుడిచాడు. గాజుపెంకుతో కొమ్ములు గీకి నూనె రాశాడు. తోక కుచ్చు దువ్వాడు. చివరికి కాస్త నూనెలో దీపం మసి కలిపి, కోడె ముందుకాళ్ళ మీద దెబ్బలకి వెంట్రుక ఊడిన చోటల్లా వేలితో పులిమాడు. నల్ల కోడె అయితే ఈ సుఖం ఉంది. తెల్లవాటిని కొట్టేటప్పుడు చాలా ఆలోచించి కొట్టాలి.

ఆసామి అల్లుడికి ఈ మసి సంగతి తెలుసు. ఆయన చదువుకున్నవాడు. కొట్టిన పశువు కళ్ళలో భయం కనబడుతుందనీ, ఈ రోజుల్లో న్యాయనిర్ణేతలు కళ్ళు కూడా చూస్తారనీ మామగారికి చెబుతూ వచ్చాడు. రెండేళ్ళుగా మొదటి బహుమతి రాకపోవడంతో ఆ మాట ఆసామి చెవికి ఎక్కింది. పోటీకి నలభై రోజుల ముందు కొట్టం ముందు కుర్చీ వేయించుకుని, మేకు మొహం చూడకుండా కోడెని చూస్తూ చెప్పాడు.

"ఈసారి మొదటిది రాకపోతే అల్లుడుగారి మనిషి వస్తాడు మేకూ. ఆ గది అతనికి కావాలి."

ఆ గదిలో ఒక పొయ్యి, ఒక రేకు పెట్టె, ఒక మంచం ఉన్నాయి. కొట్టం వైపు గోడకి చిన్న కిటికీ ఉంది, అది భార్య పోరగా పోరగా అతనే కొట్టిపెట్టాడు. వాళ్ళ కూతురు పుట్టింది ఆ గదిలోనే. పద్దెనిమిదో ఏట తండ్రి చేతి వాత ఇంకా తగ్గకముందే వెళ్ళిపోయిందీ అక్కణ్ణించే. అతనికి అరవై దగ్గరపడుతున్నాయి. ఇంకో చోట ఇంకో కొట్టం ఎవరిస్తారు? ఆ రోజు నుంచీ అతను కోడె మీద విరుచుకుపడ్డాడు.

కాలు కదిపితే దెబ్బ. తల దించితే దెబ్బ. రెండు రోజులు గుంజకి దగ్గరగా బిగించి, మేత చూపించి వెనక్కి తీసుకున్నాడు. కోడె ఒకసారి అతన్ని గోడకేసి నెట్టింది. ఆ రోజు అది రాత్రంతా మూలిగేలా కొట్టి, మర్నాడు తనే వేపాకు నూరి పట్టు వేశాడు. మూడో వారానికల్లా కర్ర మొన ఎక్కడ తాకినా సరే, కోడె నాలుగు కాళ్ళూ నేలలో పాతి బిగుసుకుపోవడం నేర్చుకుంది. తొమ్మిది వందల కిలోల జీవం అలా నిలబడితే చూడముచ్చటగా ఉండేది. అతనికైతే కడుపు నిండినట్టుండేది.

ఒక్కటే లోపం. భార్య పేడ ఎత్తడానికి వచ్చినప్పుడు "జరుగు నాన్నా" అనేది. అది జరిగేది. కర్రా లేదు, అరుపూ లేదు, ఆమె అనడం, అది పక్కకి అడుగు వేయడం. ఒక ఉదయం అతను అది చూశాడు. ముందు కర్ర ఆమె మణికట్టు మీద పడింది. తర్వాత ఆమెని గుంజ పక్కన నిలబెట్టాడు.

"మళ్ళీ అను" అన్నాడు.

ఆమె అనలేదు. కర్ర ఎత్తాడు. ఆమె "జరుగు" అంది. కోడె జరిగింది. దాని కాలి ఎముక మీద కొట్టాడు. మళ్ళీ అనమన్నాడు. మళ్ళీ జరిగింది, మళ్ళీ కొట్టాడు. ఏడోసారి కోడె జరగబోయి ఆగింది. పదకొండోసారి ఆమె అన్నప్పుడు, అది ఆమె వంక చూడనైనా చూడకుండా బిగుసుకుని నిలబడింది. బరిలో ఎవరు ఏమన్నా కదలకూడదు, నీకోసం కాదా ఇదంతా, ఆ గది నీది కాదా అని అతను ఆమెకి నచ్చచెప్పాడు. ఆమె మణికట్టుకి గుడ్డ చుట్టుకుంటూ విన్నది. అప్పటినుంచి కొట్టంలో అడుగుపెట్టలేదు.

పోటీ ఇవాళే. కోడెనీ వాళ్ళిద్దర్నీ ఎక్కించుకుని లారీ ఎనిమిదింటికి బయల్దేరింది. ప్రదర్శన మైదానంలో అప్పటికే జనం కిక్కిరిసి ఉన్నారు. రేకుల షెడ్లలో ఇనుపగొట్టాలతో గదులు కట్టి, ఒక్కో పశువుకి ఒక్కోటి ఇచ్చారు. బరిలోకి పదకొండు కోడెలు వచ్చాయి. లౌడ్‌స్పీకరు గీమన్నప్పుడు ఎర్ర కోడె ఒకటి తాడు తెంచుకుని, పట్టుకున్నవాణ్ణి పది గజాలు ఈడ్చింది. వాడి మోచేతి ఎముక తెల్లగా బయటికి వచ్చింది. ముగ్గురు మనుషులు దాన్ని మూతి మీద కర్రలతో బాదుతూ, నెత్తురు కారుతుండగా బయటికి లాక్కుపోయారు. ఇంకోటి కంచె విరిచింది. ఆ గోలంతా అయ్యేదాకా నల్ల కోడె నాలుగు కాళ్ళ మీద పాతేసినట్టు నిలబడే ఉంది. మేకు దాని ముక్కుతాడు రెండు వేళ్ళతో పట్టుకుని, ఆసామి అల్లుడి వంక ఒకసారి చూశాడు. ఆయన చేతిగడియారం చూసుకున్నాడు.

న్యాయనిర్ణేత పశువుల డాక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. మోకాళ్ళ దాకా గోధుమరంగు బూట్లు వేసుకున్నాడు. మూడు కోడెల్ని మిగిల్చి, మధ్యాహ్నం వాటిని కట్టేసిన చోటికే వచ్చి చూస్తానని మైకులో చెప్పాడు. ఎప్పుడొచ్చేదీ చెప్పనన్నాడు. మనిషి చెయ్యి లేకుండా దానంతటది నెమ్మదిగా నిలబడిన పశువుకే మొదటి బహుమతి అన్నాడు.

భోజనాల వేళకి షెడ్డు ఖాళీ అయింది. భార్య అన్నం గిన్నె సర్దుకుని తెస్తానని లారీ దగ్గరికి వెళ్ళింది. మేకు కోడెకి ఎడమవైపు, దానికీ ఇనుపగొట్టాలకీ మధ్య ఉన్న సందులో గొంతుకూర్చుని, దాని పొట్ట కింద అంటిన బురద తుడిచి, గుడ్డ పిండడానికి గొట్టాల వైపు తిరిగాడు. అప్పుడే కుడివైపు నడవకి అవతలి గదిలో ఉన్న పశువు కొమ్ములతో గొట్టాల మీద ధన్‌మని కొట్టింది. నల్ల కోడె ఉలిక్కిపడి ఎడమకి ఒరిగింది. దాని డొక్క వచ్చి అతని వీపుకి తగిలి, ఛాతీని రెండో గొట్టానికి నొక్కింది.

ఇలాంటివి అతనికి కొత్త కాదు. మోచేత్తో ఒకటి పొడిచి, గట్టిగా అదిలిస్తే చాలు. ఊపిరి కొద్దిగా ఆడుతూనే ఉంది. అరవబోయాడు. సరిగ్గా అప్పుడే, ఓరగా తల తిప్పితే, కోడె పొట్ట కిందనుంచి అవతల నడవలో గోధుమరంగు బూట్లు కనిపించాయి. వాటి వెనక ఆసామి తెల్ల పంచె అంచు, అల్లుడి నల్ల బూట్లు ఆగాయి.

అతను నోరు మూసుకున్నాడు.

"ఎవరూ పట్టుకోలేదే. ఒక్కటే నిలబడిందా?" అన్నాడు న్యాయనిర్ణేత.

"మా మేకు తయారుచేశాడండీ. అలాంటి పనివాడు ఎక్కడా దొరకడు" అన్నాడు ఆసామి.

ఇరవయ్యారేళ్ళలో ఆ మాట అతను వినడం అదే మొదలు. కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు దగ్గినా, చెయ్యి ఊపినా, మనిషి ఉన్నాడని తెలిసిపోతుంది. మొదటి బహుమతి పోతుంది, గది పోతుంది. అర నిమిషం ఓపిక పడితే వాళ్ళే వెళ్ళిపోతారు. అంతలో అతని చూపు కోడె వెనక ఎడమకాలి మీద పడింది. ఒరిగినప్పుడు అది నాలుగు వేళ్ళు లోపలికి పోయింది. అవతలివైపు నుంచి చూసేవాడికి ఆ వంకర కనబడుతుంది. నలభై ఏళ్ళ చెయ్యి ఊరుకోలేదు. నేలమీద పడున్న కర్రని మెల్లగా జరిపి, మేకు మొనతో గిట్ట సందులో తాకాడు.

కోడె వెనక ఎడమకాలు ఎత్తి, సరిగ్గా సర్ది, అతని వైపుగా బలంగా దించింది. నాలుగు కాళ్ళూ పాతింది. తల పైకెత్తింది. తొమ్మిది వందల కిలోలూ వచ్చి అతని మీద కూర్చున్నాయి. వంకర పక్కటెముకలు రెండూ మొదట విరిగాయి, ఆ చప్పుడు అతనికొక్కడికే వినబడింది.

"చాలా బాగుంది" అన్నాడు న్యాయనిర్ణేత. కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు అయింది. బూట్లు ముందుకు సాగిపోయాయి.

ఇప్పుడు అరవవచ్చు. అరవడానికి లోపల ఊపిరి లేదు. కర్రతో కోడె కాలి మీద పొడిచాడు. అది ఇంకా బిగుసుకుంది. మళ్ళీ పొడిచాడు, ఇంకా బిగుసుకుంది. దాని చర్మం వణకడం అతని వీపుకి తెలుస్తూనే ఉంది. భయపడుతోందని అర్థమైంది. తను కూడా తొమ్మిదో ఏట సరిగ్గా ఇలాగే వణుకుతూ నిలబడేవాడని గుర్తొచ్చింది. దాని మీద కోపం రాలేదు, చెప్పినట్టే చేస్తోంది కదా. కూతుర్ని ఒక్కసారి చూడాలనిపించింది. తర్వాత అదీ అనిపించలేదు.

భార్య గిన్నె పట్టుకుని వచ్చేసరికి గొట్టాల కిందనుంచి కర్ర కొస ఒక్కటే నేలమీద చిన్నగా కొట్టుకుంటోంది. గిన్నె వదిలేసి కోడె దగ్గరికి పరిగెత్తింది. దాని డొక్క మీద రెండు చేతులూ ఆనించి, "జరుగు నాన్నా" అంది.

కోడె జరగలేదు.

మళ్ళీ అంది. ఎన్నిసార్లు అందో ఆమెకే తెలియదు. బతిమాలింది, తిట్టింది, తలతో నెట్టింది. పశువుని ఎన్నడూ కొట్టని మనిషి అతని చేతికింది కర్ర లాక్కుని కాళ్ళ మీద, కడుపు మీద, మొహం మీద బాదింది. మేకు మొన దిగిన చోటల్లా నెత్తురు చిమ్మింది. కొట్టినకొద్దీ అది తల ఇంకా పైకెత్తి, ఇంకా నిటారుగా నిలబడింది. అరుపులకి జనం వచ్చారు. నలుగురు తోక మెలిపెట్టారు, ఒకడు ముక్కు చీలేలా తాడు లాగాడు. లాభం లేకపోయింది. చివరికి ఎవరో స్పానరు తెచ్చి బోల్టులు విప్పి, గొట్టాల్నే అవతలికి ఊడదీశారు. అతను వాటితోపాటే వెనక్కి ఒరిగాడు. ఆమె అతని తల ఒళ్ళోకి తీసుకునేటప్పటికి కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. ఎప్పుడు పోయాడో ఎవరూ గమనించలేదు.

లౌడ్‌స్పీకరులో కోడె నంబరు చదివారు. మొదటి బహుమతి. బయట చప్పట్లు మోగాయి. ఆసామి ఎర్ర రిబ్బను చేతిలో పట్టుకుని నవ్వుతూ వచ్చి, గుంపుని చూసి ఆగిపోయాడు. అల్లుడు కర్రనీ, కోడె మొహం మీది నెత్తురునీ చూసి ఏదో అనబోయి, ఆమె చేతులు చూసి మానుకున్నాడు.

"ఆ గది నీదేనమ్మా. నువ్వున్నన్నాళ్ళూ నిన్నెవరూ లేపరు" అన్నాడు ఆసామి.

ఆమెకి ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఎవరి మీద చూపించాలో తెలియలేదు. చూపించగలిగినవాడు ఒళ్ళో ఉన్నాడు.

అతన్ని జీపులో ఎక్కించాక, ఆమె ఒక్కతే మళ్ళీ లోపలికి వచ్చింది. కొంగుతో కోడె కంటిమీది నెత్తురు తుడిచింది.

"ఇంక కదులు నాన్నా. కొట్టేవాళ్ళు లేరు" అంది.

కోడె చెవి ఒకటి ఆమె వైపు తిరిగింది. కాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ఆమె కాసేపు ఎదురుచూసి, జీపు హారను కొట్టడంతో వెళ్ళిపోయింది.

సాయంత్రానికి మిగతా పశువులన్నీ లారీలెక్కాయి. ఊడ్చేవాళ్ళు ఒక్కో గదీ ఊడ్చుకుంటూ నల్ల కోడె దాకా వచ్చి, పక్కనుంచి ఊడ్చుకుని ముందుకు వెళ్ళారు. అది ఒకవైపు గొట్టాలు లేని గదిలో చతురస్రంగా, తల పైకెత్తి నిలబడి ఉంది. దాని వెనక ఎడమ గిట్ట కింద, మడమ దగ్గర అరిగి, వేలిపట్టీ ఊడిన చోట సన్న తీగతో కుట్టుకున్న పాత తోలుచెప్పు ఒకటి సగం బయటికి కనబడుతోంది.