చీర కట్టిన మగవాళ్ళు

పైడితల్లికి కుదిరిన సంబంధం నెల తిరక్కుండానే తప్పిపోయింది. కుర్రాడు కవిటి దాలయ్య. కొబ్బరిచెట్టు ఎక్కడంలో అతన్ని మించినవాడు ఉద్దానంలో లేడు. అయితే ఏడాదికి నాలుగు నెలలు ఊరూరా తిరిగి భాగోతంలో భామ వేషం కడతాడు, మద్దెల దరువుకి జడ విసురుతాడు. అదీ తప్పు.

ఆ తప్పు కనిపెట్టిన మహానుభావుడు టెక్కలి భూస్వామి జగదీశ్వరరావు. పైడితల్లి తండ్రి పోలయ్య ఆయన పొలమే కౌలుకు చేస్తాడు. మద్దెల మోత కూలీనాలీ జనానికే గానీ మర్యాదస్తుల చెవికి ఇంపు కాదని, నడుం తిప్పేవాడు మగాడెలా అవుతాడని, వాడికి పిల్లనిస్తే వంశం నిలవదని ఆయన సెలవిచ్చాడు. సొంత బుర్రతో ఆలోచించడం పోలయ్య ఏనాడో మానేశాడు. మర్నాడే వెళ్ళి వద్దని చెప్పేసి వచ్చాడు. పైడితల్లి ఏడవలేదు. తండ్రి మీదా, ఆయన బాబుగారి మీదా అసహ్యం వేసింది. చేసుకుంటే దాలయ్యనే చేసుకుంటానని తల్లి బుచ్చమ్మతో చెప్పి ఊరుకుంది.

ఇంతలో జగదీశ్వరరావుకి నాటకాల పిచ్చి పట్టింది. బరంపురం నుంచి వచ్చి నౌపడ స్టేషన్లో హార్మోనియం దిగింది, దాని వెనకే వాయించే మాస్టరూ దిగాడు. పార్సీ నాటకాల మెట్లట. ఎక్కడో బొంబాయిలో పుట్టిన పాట గనక గొప్పదట, ఇక్కడి ఇసకలో పుట్టింది మోటట. మద్దెల పేరెత్తితే చాలు, చేపల కంపు కొట్టినట్టు ముక్కు మూసుకునేవాడు ఆ మాస్టరు. రైతులంతా వచ్చి నాటకం చూడాలని కబురొస్తే, పోలయ్య పెళ్ళానికీ కూతురికీ కొత్త కోకలు కట్టించి మరీ తీసుకెళ్ళాడు.

తెర లేచి రాణి వేషం వచ్చింది. పట్టుచీర, వడ్డాణం, బుగ్గన చుక్క. గొంతు సన్నం చేసి, కళ్ళు తిప్పి, చెలికత్తె భుజం మీద వాలిపోయి విరహం పాడింది. కుర్చీల్లో పెద్దమనుషులు వన్స్‌మోర్ కొట్టారు. పోలయ్య కళ్ళు తుడుచుకుంటూ, ఆ రాణి ఎవరో కాదు, బాబుగారి కొడుకు నారాయణరావేనని, కళంటే అదేనని కూతురికి చెప్పాడు.

పైడితల్లికి ఒళ్ళు మండిపోయింది. పాట బాగానే ఉంది, ఆ మాట ఆమె దాచదు. జడ తిప్పడంలో మాత్రం ఈ నారాయణరావు దాలయ్య కాలిగోటికి చాలడు. పాట ఆగిన సందు చూసి, గొంతు తగ్గించకుండా అడిగింది.

"ఆ బాబుకి పెల్లయిందా, అయ్యా?"

మొన్న మాఘంలోనే అయిందని పోలయ్య గొప్పగా చెప్పాడు.

"ఇలగ సీర కట్టి నడుం తిప్పుతాడని పిల్లనిచ్చిన ఆ గుంట అయ్యకి ఎవులూ సెప్పనేదా?"

ఆడవాళ్ళ వరసంతా గొల్లుమంది. చాపల మీది నవ్వు కుర్చీల దాకా పాకింది. రాణిగారు రెండో చరణం మరిచిపోయారు.

పొద్దున్నే పోలయ్యకి పిలుపొచ్చింది. కౌలు పోయిందనుకుంటూ వెళ్ళాడు. జగదీశ్వరరావుకి తిట్టడానికి కూడా నోరు రాలేదు. ఏం తిట్టినా కొడుకు చీర మాట ఎత్తాలి కదా. చివరికి తన బుద్ధికి తగ్గ శిక్షే వేశాడు.

"నీ కూతురికి మర్యాద తెలీదు. ఆ భాగోతపోడికే కట్టబెట్టేయ్. దానికి అదే తగిన చోటు."

పోలయ్య ఇంటికొచ్చి, పరువంతా పోయిందని తల పట్టుకుని, ఆ తీర్పు అప్పజెప్పాడు. పైడితల్లి అంబలి ముంత తెచ్చి అతని ముందు పెట్టింది.

"బాబుగోరి మాట నువ్వెప్పుడు కాదన్నావు గనక? తాగేసి, ఇయాలే దాలయ్య ఇంటికెల్లు."