సున్నా మీద గుమ్మడి పువ్వు

లాస్‌పేట బడిలో జయప్రియ ఉద్యోగం ఖాయం కావాలంటే హెచ్ఎం లోగనాయకి ఎదుట ఒక పాఠం చెప్పి మెప్పించాలి. పాఠం మైనస్ లెక్కలు. బోర్డు మీద రాస్తే పిల్లల తలకెక్కడం లేదని, నడిపించి నేర్పాలనుకుంది. ముందురోజు పొద్దున్నే ఇంటి వాకిట్లో ముగ్గుపిండితో పెద్ద పెద్ద గళ్ళు గీసింది. నడుమ సున్నా, కుడివైపు ఒకటి, రెండు, అలా అయిదు దాకా. ఎడమవైపు మైనస్ ఒకటి, మైనస్ రెండు. తన క్లాసులోనే చదివే అన్నకూతురు కవిప్రియను పిలిచింది.

"మైనస్ రెండులో నిలబడి అయిదు అడుగులు ముందుకు రా. యాడికి వస్తివి?"

"నాలుగుకి అత్తా."

మూడు రావాలి. మళ్ళీ నడిపించినా నాలుగే. జయప్రియకు తన చదువు మీదే అనుమానం వచ్చి వేళ్ళు మడిచి చూసుకుంది. అప్పుడు కంటబడింది. మార్గళి నెల, అంటే ధనుర్మాసం కదా, తల్లి వెళ్ళైయమ్మాళ్ ఇదీ ఒక ముగ్గే అనుకుని, నడి గడిలో పేడముద్ద పెట్టి గుమ్మడి పువ్వు గుచ్చింది. పిల్ల దాన్ని తొక్కకుండా ఎగిరి దాటుతోంది.

"అమ్మా, ఆ పువ్వు పక్కన పెట్టుకోరాదా?"

"పువ్వు నడాన పెట్టేదే. నీ సున్నాను పక్కన పెట్టుకో."

బడిలో పువ్వు ఉండదులే అని జయప్రియ ఊరుకుంది.

మర్నాడు క్లాసులో సుద్దముక్కతో గళ్ళు గీసింది. ముందు నడిచిన కవిప్రియ సున్నాను ఎగిరి దాటింది. వెనక పిల్లలది గొర్రెదాటు. అందరూ ఎగిరి నాలుగులో దిగారు.

"ఏందమ్మా ఇది, లెక్కలా, లాంగ్ జంపా?" అంది లోగనాయకి.

జయప్రియ కవిప్రియ దగ్గరికి పోయింది. "ఏల ఎగిరితివే? ఈడ పువ్వు యాడుండాది?"

"లేదు టీచరత్తా. అయినా అది పువ్వు చోటే గదా."

జయప్రియ లోగనాయకి వైపు తిరిగింది. "మేడం, మీరు కొంచెం వచ్చి ఈ సున్నాలో ఒక ఓరన నిలబడతారా?"

లోగనాయకి ముఖం చిట్లించుకునే వచ్చి నిలబడింది. హెచ్ఎం నిలుచున్న చోటును ఎగిరి దాటే ధైర్యం ఎవరికుంది? పలకరించకుండా పోతే ఊరుకుంటుందా? ప్రతి పిల్లా సున్నాలో అడుగుపెట్టి, ఆగి, చేతులు జోడించి వణక్కం పెట్టి, ముందుకు కదిలింది. అందరికీ మూడే వచ్చింది. క్లాసంతటికీ తిరుగు వణక్కం పెట్టేసరికి లోగనాయకి చేతులు పీకాయి.

"ఉద్యోగం ఖాయమేలే," అంది పోతూ పోతూ. "రేపట్నుంచి సున్నాలో ఇంకెవరినన్నా నిలబెట్టుకో."

మర్నాడు పొద్దున వాకిట్లో మళ్ళీ గీసిన గళ్ళలో కవిప్రియ సున్నా దగ్గర పువ్వు పక్కన అడుగుపెట్టి, చేతులు జోడించి, మూడు దాకా నడిచింది.

వెళ్ళైయమ్మాళ్ మురిసిపోయింది. "చూస్తివా జయా, పిల్లకు బక్తి వచ్చె. మీ బడిలో ఇదన్నా నేర్పినారు."