రక్షణ తగ్గిస్తే

ఇంటర్నెట్‌లో ఎవరేం చూస్తున్నారో మూడోకంటికి తెలియనివ్వని బ్రౌజర్ తయారుచేసే ఆ ఆఫీసులో ఉన్నదే నలుగురు. వాళ్లలో ఒకతన్ని మిగతా ముగ్గురూ తాళాలాయన అనేవారు. ఎవరు ఏ సౌకర్యం అడిగినా దానికో తాళం వేస్తేగానీ అతనికి నిద్ర పట్టదు. సైట్లు తమ వెంట తెచ్చుకునే అక్షరాల ఫాంట్లను ఆపేశాడు, ఫైలు జతచేసే బటన్‌ను ఆపేశాడు. రెండింటివల్లా మనిషి ఆచూకీ బయటపడుతుందన్నాడు. అతని వాదనలో తప్పు లేదు, చిక్కంతా అక్కడే వచ్చింది.

"తెలుగు పేజీలు డబ్బాలు డబ్బాలుగా వస్తున్నాయని జనం మొత్తుకుంటున్నారండీ," అంది డిజైనరమ్మ.

"ఓపిక లేనివాళ్లని వాడొద్దనండి," అన్నాడు.

అతని అక్క మందులు పరీక్షించే ల్యాబులో టెక్నీషియన్. పిల్లల దగ్గుమందు ఒకటి పరీక్షలో తప్పితే, పై అధికారి పాసని రాయించాడు. ఆవిడకు అన్నం సహించలేదు. అసలు రిపోర్టును పేరు చెప్పకుండా తనిఖీ శాఖ సైటుకు పంపాలని, భోజనాల వేళ ల్యాబులోనే లాప్‌టాప్‌లో తమ్ముడి బ్రౌజర్ తెరిచి, అతనికి ఫోన్ చేసింది. చుట్టూ జనం ఉండటంతో సంగతేమిటో చెప్పలేకపోయింది.

"ఒరేయ్, నీదాంట్లో అక్షరాలకి బదులు డబ్బాలొస్తున్నాయిరా. ఫైలు కూడా ఎక్కట్లేదు."

"అదంతా నీ మంచికే అక్కా. పనిలో ఉన్నా, ఉంటా," అని పెట్టేశాడు.

నాలుగో రోజుకల్లా దగ్గుమందు దుకాణాల్లోంచి వెనక్కి వచ్చేసింది, ఆవిడ ఉద్యోగమూ ఊడింది. ల్యాబు వైఫైలో తనిఖీ శాఖ సైటు తెరిచిందెవరో అధికారి ఇట్టే పట్టేశాడు.

సంగతి తెలిసి తాళాలాయన ఉన్నపళాన అక్క ఇంటికి పరిగెత్తాడు.

"నాదాంట్లోంచి పంపుంటే దేవుడిక్కూడా తెలిసేది కాదు కదక్కా!"

"మొదలుపెట్టింది అందులోనేరా. రక్షణ ఒక మెట్టు తగ్గిస్తే అన్నీ పనిచేస్తాయని ఉంది. నొక్కబోతే ఎర్రగా ఇంత హెచ్చరిక! అది మాత్రం శుభ్రంగా తెలుగులో కనబడింది. 'రక్షణ తగ్గిస్తే మీ ప్రాణానికీ ఉద్యోగానికీ మీరే బాధ్యులు' అని. ఎందుకొచ్చిన గొడవని దాన్ని మూసేసి, రోజూ వాడే మామూలు బ్రౌజర్‌లోంచి పంపేశాను."

ఆ ఒక్క మెట్టు తగ్గించినా ఆవిడ దొరికేది కాదు. ఆ సంగతి అతనికంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

"ఎవర్రా అది రాసింది?"

"నేనే అక్కా."

"బాగా భయపెట్టావురా," అంది అక్క.