కుళాయిలో ఆగ్నెస్ గొంతు

కోలారు బంగారు గనుల కూలీల కోసం ఒకప్పుడు కట్టిన మైనింగ్ లైన్లలో నీళ్లొచ్చే రోజున ఎవరూ పొద్దెక్కేదాకా పడుకోరు. వీధి కుళాయి గురగురమనగానే ప్లాస్టిక్ బిందెలు వరసలోకి వచ్చేస్తాయి. ముందు కాస్త గాలి, తర్వాత తుప్పు నీళ్లు, ఆ తర్వాత మాటలు, వాటి వెంటే మంచినీళ్లు.

గనులు మూసేసి పంపులు ఆపేశాక కింది సొరంగాలన్నీ నిండిపోయాయి. ఈ లైన్లలో ఏళ్ల తరబడి జనం అనుకున్నవీ, తిట్టుకున్నవీ, గోడవైపు తిరిగి గొణుక్కున్నవీ నేలలోకి ఇంకి ఆ నీళ్లలో కలిశాయి. ఇప్పుడు బోరులోంచి పైకి వస్తున్నవి అవే. ఒకరోజు షిఫ్టుకు పిలిచే మేస్త్రీ కేక వస్తుంది, ఇంకోరోజు ఎవరో తల్లి పాడిన జోలపాట. పసిపిల్లలున్న ఇళ్లలో నీళ్లు కాచి చల్లారుస్తారు, కాస్తే మాటలు పోతాయి కాబట్టి. ఎవరింటి గొంతు వినిపిస్తే మిగతావాళ్లు బిందెలు జరుపుకుని వాళ్లకు దారిస్తారు. విన్నది వీధి దాటనివ్వరు.

షర్మిలకు నిలబడి వినే తీరిక ఎప్పుడూ ఉండదు. బిందెలు నింపి, కూతుళ్లిద్దరికీ జడలు వేసి, అన్నం డబ్బా కట్టుకుని వేమగల్ ఫ్యాక్టరీ బస్సు అందుకోవాలి. మొగుడు నెల్సన్ బెంగళూరులో వెల్డింగ్ పని చేస్తాడు. అతను అంతకుముందే రైలెక్కేస్తాడు. పిల్లల్ని బడికి పంపి, సాయంత్రం దాకా కాచుకునేది అత్త ఆగ్నెస్.

ఆ వానాకాలం షర్మిలకు నెల తప్పింది.

చిన్నమ్మాయి పుట్టినప్పుడు రక్తం ఆగక చావు తప్పించుకుంది షర్మిల. ఆ తర్వాత చాలాకాలం మంచం మీదే ఉంది. లేచి, తిరిగి, పని నేర్చుకుని, నలుగురిలో నిలబడింది ఈమధ్యనే. కానీ ఆమెను అడిగితే వీటిలో ఏదీ కారణమని చెప్పేది కాదు. తనకు ఇంకో బిడ్డ వద్దు, అంతే. అదే మాట నెల్సన్‌తో చెప్పింది. నెల్సన్ చెడ్డవాడు కాదు. చెయ్యెత్తడు, అరవడు. కాకపోతే కష్టమైన ప్రతిదాన్నీ తల్లి ఒళ్లో పడేసి పక్కకు తప్పుకుంటాడు. అమ్మను అడుగు, ఆమె ఏమంటే అది అన్నాడు.

ఆగ్నెస్ చేతిలో జపమాల పట్టుకునే అంతా విన్నది. కోపగించుకోలేదు. దేవుడిచ్చినదాన్ని కాదనేది పాపమని మెల్లగా చెప్పింది. కోడలికి వాంతులు కాకుండా ఉండాలని నిమ్మకాయ రసం చేసిపెట్టింది, రాత్రి కాళ్లు కూడా పట్టింది. మాట మాత్రం మార్చలేదు.

షర్మిల పక్క మిషను మీద పనిచేసే శశికళది గౌనిపల్లి. సెలవు రోజున ఆమెను తోడు తీసుకుని షర్మిల ఒక నర్సింగ్ హోముకు వెళ్లింది. అక్కడ తలుపు దగ్గరే మొగుణ్ణి తీసుకురమ్మన్నారు, ఆయన సంతకం లేకుండా డాక్టరును చూసే పనే లేదన్నారు. బయటికొచ్చాక శశికళ అక్కడే రోడ్డు మీద నిలబడిపోయింది.

"వీళ్లకు తెలీదా, తెలీనట్టు ఉండారా? ఢిల్లీలో పెద్ద కోర్టు తీర్పు చెప్పింది కదక్కా. పెండ్లైనా కాకపోయినా ఒకటేనంట. ఆడదాని ఒళ్లు, ఆడదాని ఇష్టమంట. మొగుడి సంతకం అడిగేదే లేదు."

ఇద్దరూ అక్కణ్ణించి కోలారు టౌనులోని సర్కారు ఆస్పత్రికి వెళ్లారు. లేడీ డాక్టరు పరీక్ష చేసి అదే చెప్పింది. మేజరైన ఆడమనిషికి తన సంతకం చాలు, ఇంకా తొలి వారాలే కాబట్టి భయం లేదు, సోమవారం రమ్మంది. తోడుగా ఎవరైనా ఉంటే మంచిదని కూడా అంది.

షర్మిల ఇంటికొచ్చి ఏదీ దాచకుండా చెప్పింది. దొంగతనంగా పోవడం ఆమెకు ఇష్టం లేదు. నెల్సన్ ఫోను చూస్తూ కూర్చున్నాడు. ఆగ్నెస్ లేచి వాకిట్లో అడ్డంగా నిలబడింది.

"నేను చెప్పేదాకా నువ్వు ఈ గడప దాటేది లేదు. దాటితే మళ్లా లోపలికి రావద్దు. పిల్లోళ్లు నా దగ్గరే ఉంటారు."

పిల్లల మాట వచ్చేసరికి షర్మిల వెనక్కి తగ్గింది. కోర్టు తీర్పు ఆస్పత్రి దాకా వచ్చింది, ఈ వాకిలి దాకా రాలేదు. వంటింట్లోకి పోయి గిన్నెలు కడుగుతూ ఏడ్చింది.

ఆదివారం పొద్దున, చర్చి పూజకు వెళ్లేముందు నీళ్లొచ్చాయి. సెలవు కాబట్టి నెల్సన్ కూడా వచ్చి కుళాయి కింద బిందె పెట్టాడు. ఆగ్నెస్ పూజకని కట్టుకున్న తెల్లచీర తడవకుండా దూరంగా నిలుచుంది. షర్మిల ఖాళీ బిందెలు అందిస్తోంది. తుప్పు నీళ్లు పోయి ధార తేటపడగానే అందులోంచి ఒక ఆడగొంతు వచ్చింది. పడుచు గొంతు, ఏడ్చి ఏడ్చి అరిగిపోయింది.

"నలుగుర్ని కన్నాను. ఇంగ నా వల్ల కాదు. నాకు ఈ బిడ్డ వద్దు. నీ కాళ్లు పట్టుకుంటాను, నన్ను ఆస్పత్రికి పోనీ."

దానికి ఒక మగగొంతు బదులు చెప్పింది. నెల్సన్ తండ్రి చనిపోయి చాలా ఏళ్లయినా ఆ గొంతు లైన్లలో అందరికీ గుర్తే.

"నేను చెప్పేదాకా నువ్వు ఈ గడప దాటేది లేదు."

వరసలోని ఆడవాళ్లు బిందెలు తీసుకుని పక్కకు జరిగారు. ధార మరి కాసేపు ఒట్టి ఏడుపే వినిపించి, మామూలు నీళ్లయింది. బిందె నిండి పొర్లుతోంది. ఆగ్నెస్ ఐదుగురు పిల్లల తల్లి. ఐదోవాడు నెల్సన్.

నెల్సన్ బిందెను భుజాన పెట్టుకుని, చుక్క ఒలకకుండా ఇంట్లోకి తెచ్చి దించాడు. ఆగ్నెస్ వెనకే వచ్చి కుర్చీలో కూర్చుంది. చర్చి గంట మోగింది, ఆమె లేవలేదు.

"అమ్మా, అది నేనేనా?" అన్నాడు నెల్సన్.

"నువ్వేరా."

అతను తలుపుకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఆగ్నెస్ తన చేతులు చూసుకుంటూ చెప్పింది. అతన్ని కన్నాక తాను లేవలేకపోయింది. పాలిచ్చేదానికి కూడా ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెట్టాలి. అతన్ని ఎత్తుకుని పెంచింది పెద్దక్క. ఆ పిల్ల బడి అక్కడితో ఆగిపోయింది.

"నువ్వంటే నాకు ప్రాణం నాయనా. అది నీకూ తెలుసు. నువ్వు పుట్టినావని నాకు బాధ లేదు. కానీ ఆ పొద్దు నా మాట ఎవురూ వినలేదు. నేనే మర్చిపోయినా. మర్చిపోయి, మీ నాయన మాటే తీసుకొని షర్మిల మీద వేసినాను."

నెల్సన్ మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. వాకిట్లో బిందె పట్టుకుని నిలబడిన షర్మిలకు లోపలికి రావాలో వద్దో తెలియలేదు. ఆగ్నెస్సే పిలిచింది.

"నాకు ఇప్పుటికీ ఇది పాపమనే ఉండాది షర్మిలా. దాన్ని నేను ఫాదర్ దగ్గర చెప్పుకుంటాను. నువ్వు రేపు పో. నేనూ వస్తాను."

నెల్సన్ తలెత్తి, రేపు పనికి పోనని, పిల్లల్ని తానే చూసుకుంటానని చెప్పాడు. తానూ రావాలా అని షర్మిలను అడిగాడు. తను చెప్పిన రోజునే అడిగి ఉంటే బాగుండేదని షర్మిలకు అనిపించింది. పిల్లల దగ్గర ఉంటే చాలంది.

సోమవారం అత్తాకోడళ్లు కోలారు బస్సు ఎక్కారు. ఆగ్నెస్ కిటికీ పక్క సీటు కోడలికి ఇచ్చి, వాంతి వస్తే ఉంటుందని కొంగుకు నిమ్మకాయ కట్టుకుని కూర్చుంది. ఆస్పత్రిలో నర్సు వీళ్లిద్దర్నీ చూసి, వెంట మగవాళ్లెవరూ రాలేదా అంది. నేను వచ్చినాను చాలదా అంది ఆగ్నెస్.

లోపల లేడీ డాక్టరు షర్మిలకు అంతా విడమరిచి చెప్పింది. తర్వాత ఆగ్నెస్ వైపు తిరిగి, ఏమీ అనుకోవద్దని, కాసేపు బయట కూర్చోమని అంది. కోడలు ఒక్కదాన్నే అడగాల్సిన ప్రశ్న ఒకటుందని చెప్పింది. ఆగ్నెస్ ఏమీ అనుకోలేదు. మోకాళ్లు పట్టుకుని లేచి, షర్మిల తలమీద ఒకసారి చెయ్యి వేసి బయటికి నడిచింది.

నర్సు తలుపు సగమే మూసింది. ఎదురు బెంచీ మీద కూర్చున్న ఆగ్నెస్‌కు డాక్టరు గొంతు వినిపించింది. ఇది ఎవరైనా చెప్తే చేస్తున్నావా, నీ ఇష్టమేనా అని అడుగుతోంది.

"నా ఇష్టమే," అంది షర్మిల.

ఆగ్నెస్ లేచి వెళ్లి ఆ తలుపు పూర్తిగా దగ్గరికి వేసింది. తిరిగొచ్చి, కోడలికి చోటుంచి బెంచీ చివర కూర్చుంది.