ప్రమీలాబెన్ బి.ఏ. పరీక్ష

“జైలుకు పోయొచ్చినంక చాయ్‌ల చక్కెర ఎయ్యుడు గూడ మర్సినవా ఏందే?” అంది అత్త భూదేవి, ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టేస్తూ.

ప్రమీల లేచి చక్కెర డబ్బా తెచ్చింది. పొద్దున్నుంచి అది ఎన్నో చాయో ఆమెకే గుర్తు లేదు. కరోనా వచ్చాక గుజరాత్‌లోని కడోదరాలో రఘుపతి పనిచేసే మగ్గాల కారఖానా మూతపడింది. మొగుడికి కూర్చోవడం, పడుకోవడం, చాయ్ అడగడం తప్ప వేరే పని లేకుండా పోయింది. మగ్గాలకు సెలవు, బడికి సెలవు, బజారుకు సెలవు. పొయ్యికి మాత్రం ఏ సర్కారూ సెలవివ్వలేదు. ఆఖరికి జైలుకు కూడా ఇచ్చారు కదా! లోపల జబ్బు అంటుకుంటే ఆపలేమని కొందరిని పెరోల్ మీద ఇళ్ళకు పంపారు. ప్రమీల అట్లా వచ్చిందే. రెండు నెలలన్న గడువును పొడిగిస్తూ పోతే వానలు కూడా మొదలయ్యాయి.

ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ఆమె కూడా పడింది, ఎందుకు పడదు? కూతురు హారతిని పక్కలో వేసుకుని పడుకున్న మొదటి రాత్రి పిల్ల తల వాసన చూస్తూ ఏడ్చేసింది. తెల్లారి లేచేసరికి గిన్నెలన్నీ ఆమె కోసమే ఎదురుచూస్తున్నట్టు మోరీ దగ్గర పడి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం జైలు నుంచి టీచరమ్మ భాగీరథిబెన్ ఫోన్ చేసింది. వాయిదా పడ్డ బి.ఏ. మొదటి సంవత్సరం పరీక్షలు ఇప్పుడు జైల్లోనే పెడుతున్నారట. ప్రమీల పేరు జైలు సెంటర్‌లోనే ఉంది, బయట రాయడానికి లేదు. రాయాలంటే గడువుకు ముందే లోపలికి వచ్చేయాలి. వచ్చాక కొన్నాళ్ళు విడిగా ఉంచుతారు కనుక ఈ శుక్రవారానికల్లా గేటు దగ్గర ఉండాలి. రాకపోతే ఏడాది చదువు గంగపాలే. “ఆలోచించుకో ప్రమీలాబెన్, నేను బలవంతం చేయను,” అని పెట్టేసింది.

జైల్లో చదువేమిటని ఎవరికైనా నవ్వొస్తుంది. మొదట ప్రమీలకే వచ్చింది. పన్నెండో తరగతి పాసైన వేసవిలోనే ఆమె పెళ్ళయింది. “చీరెల దారాలు కత్తిరియ్యనీకి డిగ్రీ గావాల్నా?” అని, కొత్త చీరలకు వేలాడే దారాలు కత్తిరించే కూలిపనిలో పెడుతూ అప్పుడు నవ్వింది ఈ అత్తే. అటువంటిది, ఓపెన్ యూనివర్సిటీ వాళ్ళు లోపలే ఒక గది పెట్టి, ఫీజు లేకుండా పుస్తకాలిచ్చి చదువుకోమంటే ఆమెకు భయం వేసింది, తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాత ఆకలేసినట్టు చదివింది. సాయంత్రం బ్యారక్‌కు తాళం పడ్డాక ఇక ‘ప్రమీలా’ అని కేకేసేవాళ్ళు లేరు. నీళ్ళడిగేవాళ్ళు లేరు. పెళ్ళయ్యాక ఇంకొకరు వండింది తాను కూర్చుని తిన్నది కూడా అక్కడే. చప్పటి పప్పే, కానీ ఎవరో గరిటెతో వడ్డించారు! ఎక్కడో ఫ్రాన్సు దేశంలో ఆడవాళ్ళు రొట్టెల కోసం రాజు కోట దాకా వానలో నడిచిపోయారని చరిత్ర పుస్తకంలో చదివి, రొట్టెలు చేసి పెట్టడానికి కాదు, ఇవ్వమని అడగడానికి పోయారని అర్థమై, ఒక్కతే పగలబడి నవ్వింది. ఇంటికొచ్చి నెలలైనా పుస్తకం ఆ పేజీ దాటలేదు. తెరిస్తే చాలు, అత్తకు నడుం నొప్పి గుర్తొస్తుంది. రఘుపతి “ఓ కలెక్టరమ్మా, రొట్టెలెప్పుడు?” అంటాడు. ప్రేమగానే అంటాడు, అదే బాధ.

మంచివాడే రఘుపతి. మంచితనమంతా కళ్ళనీళ్ళలోనే పోతుంది. గుజరాత్‌లో మందు అమ్మితే నేరమని తెలిసీ, జీతం చాలక సారా పొట్లాలు తెచ్చి, ఆమె దారాలు కత్తిరించడానికి తెచ్చుకున్న చీరల మూటల్లో దాచేవాడు. పోలీసులు వచ్చి మూట విప్పిన రోజు హారతి బళ్ళో ఉంది. భూదేవి కోడలి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. “మగ్గం నడిపేటోడు జైలుకు పోతే ఇల్లెట్ల నడుస్తది? మూట నీదే గదా, నాదే అని ఒప్పుకో. ఆడిదని జల్దీ ఇడుస్తరు,” అంది. నీళ్ళు తెమ్మంటే తెచ్చినట్టే ప్రమీల సరేనంది. జల్దీ ఏమీ లేదు, మూడేళ్ళు పడింది. ములాఖత్‌కు వచ్చినప్పుడల్లా రఘుపతి ఇనుప జాలీకి తల ఆనించి ఏడ్చేవాడు. లోపలున్నామె బయటున్నతన్ని ఓదార్చేది. హారతికి మాత్రం అమ్మే సారా అమ్మిందని చెప్పారు. పిల్ల ఆ మాటను స్కూల్లో దాచుకుంటూ పెద్దదైంది.

పొద్దు గుంకే వేళ ప్రమీల పిండి పళ్ళెం తెచ్చి రఘుపతి ముందు పెట్టింది.

“ఏంది గిది?”

“పిండి. నీళ్ళు జరంత జరంత పోసుకుంట పిసుకు. శుక్రవారం నేను జైలుకు పోతున్న. పరీక్ష ఉంది.”

భూదేవి చేతిలోని జపమాల ఆగిపోయింది. “పిచ్చి లేసిందా పిల్లా? ఎవలన్న కాళ్ళతోని నడిచి జైలుకు పోతరా? జనం ఏమంటరు?”

“సచ్చీ చెప్తున్నవా?” రఘుపతి పళ్ళేన్ని వెనక్కి నెట్టబోయాడు. “ఇంక గడువు ఉండె గదా! నేనెట్ల ఉండాలె?”

“నాకు రొట్టెలు రావు అనకు. మగ్గం మీద పోగు తెగితే కండ్లు మూసుకొని ముడేస్తవ్. పిండి ముద్ద జేసుడు ఎంత సేపు? హారతి చెయ్యి పెట్టొద్దు. ఆమెకు ఆన్‌లైన్ క్లాసులు ఉన్నయ్.”

రఘుపతి అటూ ఇటూ చూసి, గిలాసెడు నీళ్ళు ఒక్కసారే కుమ్మరించాడు. పిండి జావైపోయింది. ప్రమీలకు నవ్వాగలేదు. “అయ్యో రామా! ఇంకింత పిండి పొయ్యి,” అంది, కానీ తాను చెయ్యి పెట్టలేదు. చెయ్యి పెట్టకుండా కూర్చోవడం పెట్టడం కన్నా ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

మూలన ఫోన్ పట్టుకుని కూర్చున్న హారతి ఇంతసేపూ తలెత్తలేదు. ఇప్పుడు ఎత్తింది. కళ్ళ నిండా నీళ్ళు.

“మమ్మీ, మాకన్న ఆ జైలే మంచిగుందా నీకు? దారూ అమ్మి ఒకసారి పోయినవ్. అందరు అడిగితే నాకు కిత్నీ శరమ్ అయిందో తెలుసా? ఇప్పుడు నీ మర్జీతోని మల్లా పోతవా?”

ప్రమీల ‘తప్పయిపోయింది బిడ్డా, నేను పోనులే’ అనబోయింది. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. ఇన్నేళ్ళుగా అలవాటైన మాట అది. దాన్ని మింగి, లేచి వెళ్ళి కూతురి పక్కన కూర్చుంది.

“ఆ పొట్లాలు నాయి గావు బిడ్డా. మీ బాపువి.”

“ఓసి నీ నోరు పడ! పిల్లతోని ఏం మాటలే అవ్వి!” భూదేవి గయ్యిమంది.

హారతి తండ్రి వైపు చూసింది. రఘుపతి మోచేతుల దాకా పిండితో తల వంచుకుని ఉన్నాడు. కాదనడానికి నోరు తెరిచాడు. ప్రమీల అతన్ని చూసింది, కోపంగా కాదు, ములాఖత్ జాలీ వెనక నుంచి చూసినట్టే.

“నిజమే బిడ్డా,” అన్నాడు. ఈసారి ఏడవలేదు.

హారతి చిన్నప్పటిలా తల్లి ఒడిలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ప్రమీల ఆమె జుట్టులో వేళ్ళు పోనిచ్చి మెల్లగా నిమిరింది.

“అప్పుడు మీ బాపు కోసం పోయిన బిడ్డా,” అంది. “ఇప్పుడు నా కోసం పోతున్న.”