అమ్మడుగారి కునుకు

దూలపల్లిలో చక్రపాణి వాళ్ళింట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళమ్మ అమ్మడుగారు ఒక కునుకు తీస్తారు. పడుకునే ముందు ఏ ఊరి మాట చెవిన పడితే ఆ ఊరు వెళ్ళి, టీ వేళకి వచ్చేస్తారు. మచ్చ బొల్లారంలో అద్దెకున్న రోజుల్లో తెనాలిలో జరిగిన పెళ్ళిళ్ళన్నీ ఆవిడ అలాగే చూశారు. మంచం ఖాళీగా కనిపిస్తే ఇంట్లో ఎవరూ కంగారుపడరు. కరెంటు దండగని ఫ్యాను కట్టేస్తారు, అంతే.

ఒంటిపూట బడులు మొదలైన వారంలో ఒక ఆదివారం ఆవిడ చెప్పులకి మంచుతో వచ్చారు.

"అవ్వ చెప్పులు మస్తు సల్లగున్నయమ్మా, ఎండల పెట్టిన," అంది పనిచేసే లత, గది తుడుస్తూ.

చక్రపాణి భార్య ధరణి చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. అన్నాలప్పుడు తనే ఆ మాట ఎత్తింది. హిమాచల్‌లో నేషనల్ పార్కు అంచున, తీర్థన్ నది ఒడ్డున, చెక్కతో కట్టిన కేబిన్లున్నాయని, ఈ వేసవికైనా వెళ్దామని.

ధరణి కొంపల్లిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఆ కేబిన్ మీద ఆమెకి కొన్నేళ్ళుగా మనసు. చండీగఢ్‌లో ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో, ఏ కేబిన్ నుంచి మంచుకొండ కనబడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ప్రతి వేసవిలోనూ ఆ ప్రయాణం ఒక్కచోటే ఆగిపోతుంది. అమ్మడుగారికి షుగరు, మోకాళ్ళ నొప్పులు. పూటపూటా ఇంజెక్షను చేయాలి. యాప్రాల్‌లో ఉండే మరిది హేమచంద్‌ని అడిగితే, సరిగ్గా ఏప్రిల్ రాగానే అతని భార్యకి నడుం పట్టేస్తుంది.

ఈసారీ అంతే అయింది. "అమ్మ ఒక్కర్తే ఎలా ఉంటుంది ధరణీ? పైగా ఫ్యాక్టరీలో ఆడిట్," అన్నాడు చక్రపాణి. ఆ వెంటనే తల్లివైపు తిరిగి ఉత్సాహంగా అడిగాడు. "గదులెలా ఉన్నాయమ్మా అక్కడ?"

"శుభ్రంగా ఉన్నాయిరా. గోడలు కూడా చెక్కే. ఏటి చప్పుడుకి పక్కవాళ్ళ మాట వినపడదు. కేబిన్లు నడిపే ఆవిడ వేడివేడిగా ఏదో తాగమని ఇచ్చింది, బాగుంది."

ధరణి గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎవరి వల్ల తను కదల్లేకపోతోందో ఆవిడే వెళ్ళొచ్చింది. బస్సెక్కకుండా, సెలవు పెట్టకుండా, ఎవర్నీ బతిమాలకుండా!

ఆ తర్వాత ఆవిడ రోజూ వెళ్ళారు. ఒకరోజు సిగలో దేవదారు ఆకులు, ఇంకోరోజు కొంగున ఏవో ఎర్రటి అడవిపువ్వులు. ఆ పువ్వుల్ని లత గ్లాసులో పెడితే, ధరణి తీసి చెత్తబుట్టలో వేసింది. సాయంత్రం చక్రపాణి ఫ్యాక్టరీ నుంచి రాగానే తల్లి మంచం దగ్గర కుర్చీ వేసుకుంటాడు. చలి ఎంతుంది, కొండ కనబడిందా అని అడుగుతాడు. అవన్నీ ధరణి అతనికి ఎన్నోసార్లు చెప్పినవే. అప్పుడు ఫోన్లోంచి తలెత్తేవాడు కాదు.

దాంతో ధరణి ఒక పని చేసింది. మధ్యాహ్నం అత్తగారు నడుం వాల్చే వేళకి పక్కన చేరి, "మేడ్చల్ బస్టాండు దగ్గర ఏం రద్దీ, ఏం దుమ్ము అత్తయ్యగారూ!" అని మొదలుపెట్టింది. ఆ రోజు ఆవిడ చెమటలు కక్కుతూ, జుట్టునిండా దుమ్ముతో వచ్చారు. మంచినీళ్ళు తాగి, కాళ్ళు కడుక్కుని పడుకున్నారు. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. ధరణికి కడుపు చల్లబడింది. కానీ ఆ చల్లదనం రాత్రి పక్కమీదికి చేరేదాకా కూడా నిలవలేదు.

వేసవి సెలవులిచ్చిన రోజు. బడిలో ఫలితాల పని తెమలక ధరణి ఆలస్యంగా ఇంటికొచ్చింది. మంచం ఖాళీగా ఉంది.

"అవ్వతో ఏం మాట్లాడావు లతా?"

"ఏం లేదమ్మా. గా సలి గుట్టల ముచ్చట జెప్పుమన్న, జెప్పుకుంటనే పండుకుంది."

టీ వేళ దాటింది. దీపాలు పెట్టే వేళయింది. అమ్మడుగారు రాలేదు. చక్రపాణి ఇంట్లో అడుగుపెడుతుండగానే ఫోను మోగింది. కేబిన్లు నడిపే ఆవిడ హిందీలో నాలుగు ముక్కలు మాట్లాడి, ఫోను అమ్మడుగారికి ఇచ్చింది.

"నిద్ర పట్టట్లేదురా ఇక్కడ," అన్నారావిడ. "నిద్ర పడితేగా నేను వచ్చేది! మందులకేం ఫరవాలేదు, ఈవిడ తెప్పించింది. ఎవరైనా వచ్చి తీసుకెళ్ళండి."

"నేనొస్తున్నానమ్మా."

"నువ్వొద్దు. ధరణిని పంపు."

ఇన్నేళ్ళూ కుదరని విమానం టికెట్టు టీ చల్లారేలోపు కుదిరిపోయింది.

ధరణి ఆ దారంతా ఉడుక్కుంటూనే వెళ్ళింది. బస్సు కొండల్లోకి మలుపు తిరిగినప్పుడు పక్క సీటావిడ "అదిగో చూడండి" అని చూపిస్తే, తల కూడా తిప్పలేదు. అత్తగారు చూసేసిన కొండలు. ఎంగిలి కొండలు!

కేబిన్ వరండాలో బల్ల మీద అమ్మడుగారు ఎవరిదో ఉన్ని టోపీ పెట్టుకుని, కేబిన్ ఆవిడతో కలిసి బఠాణీలు ఒలుస్తున్నారు. ఈవిడకి హిందీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. వాళ్ళ వెనకాల, ధరణి ఇన్నేళ్ళూ ఫోన్లో చూసుకున్న మంచుకొండ ఆకాశంలో సగం ఆక్రమించి ఉంది. కేబిన్ ఆవిడ టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. ధరణి ఇక ఆపుకోలేకపోయింది.

"మిమ్మల్ని చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది అత్తయ్యగారూ."

"తెలుసు. మేడ్చల్ బస్టాండుకి పంపినప్పుడే తెలిసింది." ఆవిడ బఠాణీల పళ్ళెం పక్కన పెట్టారు. "ఇలా వచ్చి కూర్చో. ఇంటి సంగతులు చెప్పు."

"ఇంటి సంగతులేముంటాయి?"

"ఏదో ఒకటి చెప్పమ్మాయ్."

ధరణి ముభావంగానే మొదలుపెట్టింది. దోసెల పిండి పులిసిపోయి ఉంటుంది. నీళ్ళ ట్యాంకరు వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది, ఆయనకి మోటారు వేయడం గుర్తుండదు. డాబా మీద వడియాలు ఎండుతున్నాయి, తియ్యమని లతకి చెప్పడం మరిచిపోయింది. చెబుతూ చెబుతూ పక్కకి చూస్తే అమ్మడుగారి కళ్ళు మూతలు పడుతున్నాయి. నిద్ర పట్టడం లేదన్న మనిషి గోడకి చేరబడి హాయిగా గుర్రు పెట్టారు. ఇంకో మాట చెప్పేసరికి బల్ల మీద ఉన్ని టోపీ మాత్రమే ఉంది.

కేబిన్ ఆవిడ రెండు కప్పులతో వచ్చింది. ఖాళీ బల్ల చూసి, ఒక కప్పు ధరణికిచ్చి, రెండోది తనే తాగడం మొదలుపెట్టింది.

కాసేపటికి ధరణి ఫోను మోగింది.

"అమ్మ వచ్చేసింది," అన్నాడు చక్రపాణి. "డాబా మీద వడియాలు తీస్తోంది. వంట నేను చూసుకుంటాలే." ఏటి చప్పుడు అటువైపుకీ వినపడుతూ ఉండాలి. "ఎలా ఉంది అక్కడ? కొండ కనబడుతోందా?"

మామూలుగా అడగబోయాడు, కానీ మాటలో ఉడుకు దాగలేదు. ఆ ఉడుకు ధరణికి కొత్త కాదు. ఇన్నాళ్ళూ అది తనదే.

ఆమె మొదటిసారి తలెత్తి కొండని తీరిగ్గా చూసింది. ఎండ పడి మంచు బంగారంలా మెరుస్తోంది. ఆ సంగతి అతనికి చెప్పాలనిపించలేదు.

"కనబడుతోంది," అని ఫోను పెట్టేసింది.

ఎన్నాళ్ళుంటారని కేబిన్ ఆవిడ అడిగింది. ధరణి బళ్ళు తెరిచే తారీఖు చెప్పింది.