రేణు ఉన్న పుస్తకం

శనివారం వచ్చిందంటే వసుమతి ఓ వాయి ఇడ్లీ దింపి, స్టేషన్ వ్యాగన్ తీసి, ఐదేళ్ళ కూతురు రేణుని వెంటేసుకుని లైబ్రరీకి బయల్దేరేది. 1979లో ఒహాయోలోని ఆ చిన్న ఊళ్ళో తెలుగువాళ్ళంటే డాక్టర్ శ్యామ్‌సుందర్ కుటుంబం ఒక్కటే. మంచు మాత్రం ఊరందరికీ సరిపోను పడి ఇంకా మిగిలేది; డిసెంబర్‌లో ఆపిన కారు ఏప్రిల్‌లో గాని దొరికేది కాదు. తల్లీకూతుళ్ళు వారానికి నూటపాతిక బొమ్మల పుస్తకాలు మోసుకొచ్చేవాళ్ళు. ఆదివారం పొద్దెక్కేసరికి రేణు అన్నీ నమిలి మింగేసేది.

వసుమతి బొమ్మలు వేసేది. ఆవిడ వేసినవి కాగితం మీద నిలిచేవి కావు. రంగు ఆరగానే దిగి తిరిగేవి. అందుకే ఆ ఇంట్లో ఎవరూ ఏనుగు బొమ్మ అడగలేదు.

"వసూ, నీ కోడిపుంజు నా స్టెతస్కోప్ మీద కూచుంది. వచ్చి తీసుకో, నాకు డ్యూటీకి లేటవుతోంది" అని శ్యామ్‌సుందర్ టోస్ట్ నములుతూ కేకేసేవాడు.

లైబ్రరీలో మిసెస్ కోల్‌మన్ అని నల్లజాతి ఆవిడ ఉండేది. ఆరడుగుల మనిషి, ఆ పైన ఇంకో ఆరడుగుల జుట్టు. ఓ శనివారం రేణు మునివేళ్ళ మీద లేచి కౌంటర్ పట్టుకుని, "నాలా ఉండే గర్ల్ బుక్ ఉందా?" అని ఆవిడని అడిగింది. ఆవిడ షెల్ఫులన్నీ వెతికింది. బూట్లు తొడుక్కున్న పందులున్నాయి, గొడుగులు పట్టుకున్న ఎలుగుబంట్లున్నాయి, పసుప్పచ్చ జుట్టు పిల్లలు పదివేలమంది ఉన్నారు. నల్లపిల్లలవి రెండే రెండు పుస్తకాలు, అవీ ఎవరో పట్టుకుపోయారు.

"నువ్వు వెయ్యి వసూ," అంది మిసెస్ కోల్‌మన్. "వేసి, కుట్టి తీసుకురా. నంబరు అంటించి ఈ షెల్ఫ్‌లో నేనే పెడతాను."

"ప్రామిస్?" అంది రేణు.

"ప్రామిస్" అన్నారు ఇద్దరూ.

రేణు వారంరోజులు తిండీ నిద్రా మానేసి అమ్మ పక్కనే కూచుంది. రేణుది నేరేడుపండు నలుపు, నిగనిగలాడిపోయేది. వసుమతి ఆ రంగే కలిపింది. కలిపి చూసుకుని, ఓ చుక్క తెలుపు వేసింది. ఇంకో చుక్క. పాపం, దురుద్దేశమేమీ లేదు. తెనాలి స్టూడియోవాడు ఆవిడ ఫొటోకి మొహం తెల్లగా దిద్దాకే కదా పెళ్ళిసంబంధానికి అమెరికా పంపారు! అలా దిద్దడమే ముద్దు చెయ్యడం అనుకునేది.

రంగు ఆరింది. మొదటి పేజీలోంచి గోధుమరంగు పిల్ల కిందికి దిగింది. రేణు గౌనే, రేణు సొట్టబుగ్గలే.

"అబ్బ, ఎంత ముద్దొస్తోందో!" అంది వసుమతి.

రేణు దాని చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుంది.

"మమ్మీ, ఇది ఎవరు?"

"నువ్వేనే, పిచ్చిమొహమా."

"మరి నేను?"

వసుమతి నవ్వేసి, ఉప్మాకి ఎసరు పెట్టడానికి వెళ్ళింది. ఆ ఒక్క నవ్వునీ తల్చుకుని తర్వాత ఆవిడ ఏడ్చిన ఏడుపుకి ఒహాయో నది రెండుసార్లు పొంగింది.

తిరిగొచ్చేసరికి మొదటి పేజీలోని ఖాళీలో రేణు కూచునుంది. మఠం వేసుకుని, తన రంగుతో తను.

"రేణూ, బైటికి రామ్మా. టిఫిన్ చల్లారిపోతోంది."

"నో మమ్మీ. ఇక్కడ నేనే ఉన్నా."

"వచ్చెయ్యి తల్లీ. ఆ బొమ్మ మళ్ళీ వేస్తా. అచ్చం నీలాగే వేస్తా."

రేణు అడ్డంగా తలూపింది. "నువ్ మళ్ళీ వైట్ కలుపుతావ్."



సాయంత్రం శ్యామ్‌సుందర్ వచ్చి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూలబడ్డాడు. "దీన్ని ఇంట్లోనే ఉంచుకుందాం వసూ" అన్నాడు. లోపల్నుంచి రేణు కాళ్ళు కొట్టుకుంది. "లైబ్రరీలో! షెల్ఫ్‌లో! మమ్మీ ప్రామిస్ చేసింది!" శనివారం ఇద్దరూ తీసుకెళ్ళి ఇచ్చేశారు. మిసెస్ కోల్‌మన్ నంబరు అంటించి, తారీకు ముద్ర వేసింది.

గోధుమరంగు పిల్ల ఇంట్లో పెరిగింది. మంచి పిల్ల. వానలో బైటికి పంపకూడదు, అంతే తేడా. క్లీవ్‌లాండ్‌లో ఉగాది పాట్‌లక్ విందుకి వెళ్తే, "మంచి కలరండీ మీ అమ్మాయి!" అనేవాళ్ళు ఆంటీలు. వసుమతి పులిహోర ప్లేటు పక్కన పెట్టేసేది.

పుస్తకం మాత్రం షెల్ఫ్‌లో ఉన్నదెక్కడ? ఆ కౌంటీలో ఉన్న నల్లపిల్లలూ చామనచాయ పిల్లలూ అందరికీ అదే కావాలి. కెంటకీ నించి కూడా అడిగి తెప్పించుకునేవాళ్ళు. అట్ట పదకొండుసార్లు మార్చారు. కన్నతల్లయినా సరే, అందరిలాగే లిస్టులో పేరు రాసుకోవాలి. ఏడాదికి రెండుసార్లు వంతు వస్తే గొప్ప. ఆ మూడువారాలూ వసుమతి పుస్తకం ఒళ్ళోంచి దింపేది కాదు. "మమ్మీ, ఒకళ్ళింట్లో బంక్ బెడ్ ఉంది! ఇంకొకళ్ళింట్లో తాబేలు!" అని రేణు కబుర్లు చెప్పేది. ఇంటికి వస్తానని మాత్రం ఒక్కసారీ అనలేదు. ఏడేళ్ళయినా దాని ఐదేళ్ళు ఐదేళ్ళే.

1986 అక్టోబర్‌లో, ఐదునెలల తర్వాత, వసుమతికి వంతు వచ్చింది. మంచి చీర కట్టుకుని వెళ్ళింది. కౌంటర్ దగ్గర ఓ నల్లపిల్ల నిలబడి ఉంది. తలనిండా చిన్నచిన్న జడలు, ఒక్కోదానికి ఒక్కో రంగు పూస. పుస్తకాన్ని రెండు చేతులా గుండెకి అదుముకుంది.

"ఇంకో త్రీ వీక్స్ ఉంచుకోవచ్చా? తను నా పక్కనే పడుకుంటుంది. నాలాగే ఉంటుంది."

"లిస్టులో తర్వాతి వాళ్ళుంటే కుదరదు తల్లీ" అంటూ మిసెస్ కోల్‌మన్ కళ్ళజోడు కిందికి దించి వసుమతి వైపు చూసింది.

ఆ పిల్ల మోచేతుల సందులోంచి అట్ట మీదికొచ్చి కూచున్న రేణు మొహం కనిపిస్తోంది. అమ్మ వచ్చిందని చూడలేదు. తలెత్తి, ఆ పిల్ల పూసలు లెక్కపెడుతోంది.

వసుమతి పెన్ను అడిగి తీసుకుంది. లిస్టులో పైనున్న తన పేరు కొట్టేసి, ఆ వంతు ఆ పిల్లకిచ్చింది. తర్వాత వేలు జరుపుకుంటూ ఏడు పేర్లు దాటుకుని కిందికి వెళ్ళి, అట్టడుగున మళ్ళీ రాసుకుంది.